పన్ను కట్టినవాడు, కొలువులో లేనివాడు

బురైమి ఒయాసిస్సు ఎవరిదన్న వివాదం 1955లో జెనీవాలోని మధ్యవర్తిత్వ న్యాయమండలి ముందుకు వచ్చినప్పుడు సౌదీ అరేబియా చూపిన సాక్ష్యాల్లో ముఖ్యమైనవి జకాత్ లెక్కలు. అక్కడి తెగలు తమకు జకాత్ చెల్లించాయి కనుక అవి తమ ప్రజలేనని దాని వాదన. ఒమాన్, అబూధాబీల పక్షాన నిలిచిన బ్రిటన్ అందుకు ఒప్పుకోలేదు. తీర్పు వెలువడకుండానే విచారణ ఆగిపోయింది. పన్ను పుచ్చుకున్నంత మాత్రాన పాలకుడవుతాడా అన్న ప్రశ్నను తెలుగునేల అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాక, ఎదుర్కొన్నది.

ఆ కాలంపై జాన్ ఎఫ్. రిచర్డ్స్ 1975లో ప్రచురించిన ‘ముఘల్ అడ్మినిస్ట్రేషన్ ఇన్ గోల్కొండ’ నేటికీ తప్పక చదవవలసిన గ్రంథం. మొగలులు పాలనాయంత్రాంగాన్ని త్వరగానే స్థాపించారు. స్థానిక యోధవర్గాన్ని మాత్రం తమలో కలుపుకోలేకపోయారు. అందులోని ప్రధాన వాదం ఇదే. దీని బలం అక్బరుతో పోల్చినప్పుడు తెలుస్తుంది. అక్బరు 1562లో ఆమేరు రాజు భార్‌మల్ కుమార్తెను వివాహమాడి, ఆ వంశాన్ని మన్సబ్‌దారుల్లో చేర్చుకున్నాడు. భార్‌మల్ మనుమడు మాన్‌సింగ్ కాబూలు, బీహారు, బెంగాలు సుబాలను ఏలి 7000 మన్సబుకు ఎదిగాడు. సొంతగడ్డ వతన్ జాగీరుగా అతని వంశానికే మిగిలింది. 1564లో జిజియా రద్దయింది. (లొంగని చిత్తోడుకు 1568లో పట్టిన గతిని మరచి ఈ ఔదార్యాన్ని పొగడడం సరికాదు.)

గోల్కొండలో జరిగింది వేరు. మంత్రులు మాదన్న, అక్కన్నలు 1686లోనే హతులయ్యారు. కుతుబ్‌షాహీ ముస్లిం ప్రభువుల్లో పలువురికి మన్సబులు దక్కాయి. లెక్కలు వ్రాసే బ్రాహ్మణ ఉద్యోగులు క్రింది కొలువుల్లో కొనసాగారు. ఊళ్ళను, చిన్న కోటలను ఏలే తెలుగు నాయకులు మాత్రం చాలావరకు పన్ను కట్టేవారుగానే మిగిలిపోయారు. 1679లో ఔరంగజేబు తిరిగి విధించిన జిజియా కూడా వచ్చి చేరింది.

ఇంతవరకు రిచర్డ్స్‌తో విభేదించనక్కరలేదు. కాని నాయకులకు మన్సబులిచ్చి ఉంటే సరిపోయేదా? సర్వాయి పాపడి కథ ఈ ఊహను నిలువనీయదు. కల్లుగీత కులంలో పుట్టిన పాపడు 1708లో వరంగల్లును కొల్లగొట్టాడు. మరుసటేడు బహదూర్ షా దక్కనుకు వచ్చినప్పుడు స్వయంగా దర్బారుకు వెళ్ళి, 14 లక్షల రూపాయల కానుక సమర్పించి ఖిల్లతు అందుకున్నాడు. కప్పం ముట్టింది, గౌరవ వస్త్రమూ దక్కింది. అక్బరునాటి పద్ధతిలో ఇది ప్రవేశద్వారమే. కాని ఒక గీతకార్మికుడికి ఇంతటి సత్కారమా అని నగరంలోని పెద్దలు మండిపడ్డారు, చక్రవర్తి మాట మార్చాడు. 1710లో పాపడిని పట్టి చంపారు. ఆ వేటలో తెలుగు జమీందారులు మొగలుల పక్షానే నిలిచారు.

అంటే మొగలు కొలువుకు, తెలుగు భూస్వామ్యానికి మధ్య మన్సబు లేకపోయినా ఏకీభావం ఒకటుంది. ఎవరిని లోపలికి రానీయకూడదన్న దానిపై. మాన్‌సింగ్‌కు తెరుచుకున్న తలుపు రాజవంశాలకే తెరుచుకునే తలుపు. పారసీక దఫ్తరాల్లో నాయకుడు బకాయిదారుగానో తిరుగుబాటుదారుగానో మాత్రమే కనబడతాడు కనుక 1975 నాటి గ్రంథానికి ఈ కోణం అందలేదు. ఆ లోటును రిచర్డ్స్ స్వయంగా, వెల్చేరు నారాయణరావుతో కలిసి 1980లో వ్రాసిన వ్యాసంలో కొంత పూరించాడు. అందులో ఖాఫీఖాన్ వ్రాతకు ప్రక్కన జానపద గేయాన్ని నిలిపారు. ఖాఫీఖాన్‌కు పాపడు దారిదోపిడిగాడు. పాటలో అతడు కులవృత్తిని వదలి కోట కట్టినవాడు.