లక్ష్మాగౌడ్ శిల్పమున మేక

మధుర పుదుమండపమున తిరుమల నాయకుడు (1623–1659) నిలిపించిన యాళులును, రౌతులతో ముంగాళ్లెత్తిన గుఱ్ఱములును రాజప్రతాపమును చాటును. తమిళనాటి అయ్యనారు కోవెలల మట్టిగుఱ్ఱములు దైవమునకు వాహనములు. 1940లో మెదకుసీమ నిజాంపూరున జన్మించి, హైదరాబాదు, బరోడాలలో చిత్రవిద్య నభ్యసించి, 2016లో పద్మశ్రీ నందుకొన్న శ్రీ కె. లక్ష్మాగౌడ్ మలచిన మేక యెవ్వరిని మోయదు. పల్లెవాని ప్రక్కన ఇంటిమనిషివలె నిలుచును. ప్రాచీనశిల్పమునకు ఆయన చేర్చిన క్రొత్తదనమిదియే. కంచుప్రతిమలలో మెఱుగు హెచ్చి ఆ చనువు కొంత తఱుగును. కాల్చిన మట్టియందే చేతి యొత్తిడి సజీవముగా నున్నది.

పెరియకుళమున మా పిల్లలు కొందఱు ఇంటి తెలుగు మోటని సిగ్గుపడుదురు. పెరటిమేక శిల్పమైనపుడు పెరటిమాట కావ్యమేల కారాదు? ఈ ప్రశ్న వారి ముందుంచుట ఉపాధ్యాయుల విధి.