జూకా తెగిన చోట

ఫొటోలో మనిషిని వెనకున్న గోడ నుంచి వేరు చేయడం చూసేవాళ్లకు కత్తెర పని. నాకది ఖర్చుల లెక్క. ప్రతి పిక్సెల్ దగ్గరా రెండు పద్దులు రాస్తాం. దీని రంగు మనిషికి దగ్గరా, గోడకు దగ్గరా? పక్క పిక్సెల్‌తో విడిపోతే జరిమానా ఎంత? రంగు చప్పున మారినచోట జరిమానా తక్కువ, మారనిచోట ఎక్కువ. మొత్తం ఖర్చు అతి తక్కువైన విభజనే జవాబు.

పది లక్షల పిక్సెళ్లను ఎన్ని రకాలుగా విడదీయొచ్చో ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే యుగాలు చాలవు. దారి రైలు పట్టాల మీంచి వచ్చింది. సోవియట్ రైలు మార్గాల్లో ఎక్కడ తెంపితే తూర్పు ఐరోపాకు సరుకు ఆగుతుందని 1955లో హారిస్, రాస్ అమెరికాలో రహస్య నివేదిక రాశారు. సాగగల అతి పెద్ద ప్రవాహం, దాన్ని ఆపే అతి చవకైన కోత రెండూ సమానమని ఫోర్డ్, ఫల్కర్సన్ నిరూపించారు. 2001లో బోయ్‌కోవ్, జాలీ అదే కోతను ఫొటోలకు వాడారు: మనిషి మీద ఒక గీత, గోడ మీద ఒక గీత గీస్తే మిగతాది లెక్కే తేలుస్తుంది. బాంబుల కోసం వేసిన లెక్క పెళ్లి ఆల్బమ్‌కు పనికొచ్చిందన్నమాట!

రెండే గుంపులైతే వచ్చేది ఉజ్జాయింపు కాదు, అసలైన కనిష్ఠం. అయినా పసుపు గోడ ముందు పెళ్లికూతురి బంగారు జూకా తెగిపోతుంది. రంగు పెద్దగా సాయం చేయదు. జూకా చుట్టూ తిరిగి రావాలంటే అంచు పొడవు, కొక్కెం దగ్గర కోసేస్తే పొట్టి. లెక్క పొట్టిదాన్నే పట్టుకుంటుంది. పోనీ జరిమానా తగ్గిద్దామంటే గోడ మీది మరకలు కూడా పెళ్లికూతురిలో చేరతాయి. సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు. అడిగిందే ఇచ్చింది, అడగడమే మనకు రాలేదు.

చాలా ఫొటోల నుంచి శిల్పాన్ని త్రీడీలో నిలబెట్టేటప్పుడూ ఇదే పేచీ. అంచుకు బదులు ఉపరితలం, అంతే తేడా. తక్కువ వైశాల్యం కావాలంటే బొమ్మ కుంచించుకుపోతుంది, ముందుగా వేళ్లు పోతాయి. 2005లో వోగియాట్జిస్, టార్, చిపోల్లా లోపల్నుంచి ఉబ్బించే బెలూన్ బలమొకటి కలిపారు. అది మోతాదు మించితే చీర కుచ్చిళ్ల మధ్య గుంటలు పూడిపోతాయి. ఎంత కలపాలన్నది ఏ సిద్ధాంతమూ చెప్పదు, చేసి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి కదా అంటారు. వాటికి నేర్పేటప్పుడూ ఏ తప్పుకు ఎంత జరిమానా అన్నది ఎవరో ఒకరు రాయాలి. అందుకే విద్యార్థులు ఫలితం తెస్తే ముఖం సంగతి తర్వాత చూస్తాను. ముందు వేళ్ల సందులు, జడ కుచ్చులు చూసి, జరిమానా ఎంత పెట్టారని అడుగుతాను.