గుడ్డు, పిండి, ఒక కర్ర

ఇటలీలోని బొలోన్యా నగరంలో నూడుల్స్ వెడల్పుకు నోటరీ పత్రం ఉంది. 1972 ఏప్రిల్ 16న ఇటాలియన్ వంటల అకాడమీ దాన్ని అక్కడి వాణిజ్య మండలిలో దాఖలు చేసింది. తాలియాతెల్లె అనే గుడ్డు నూడుల్ ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని అందులో రాసుకున్నారు. అది ఊరి నడిబొడ్డున ఉన్న అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతట! మండలి భవనంలో బంగారంతో చేసిన నమూనా కూడా ఉంది. 97 మీటర్ల గోపురంతో నూడుల్‌ను కొలవడంలో కొంత కొంటెతనం, బోలెడు అభిమానం కనిపిస్తాయి.

కానీ పని జరుగుతున్న బల్ల దగ్గర నిలబడి చూస్తే, ఆ పనిలో అన్నిటికంటే తేలిక వెడల్పేనని తెలిసిపోతుంది. కత్తి అలవాటైన చెయ్యి ఎవరిదైనా సమంగా కోయగలదు. అసలు పనితనమంతా పిండిలో తడిని కనిపెట్టడంలో ఉంది. దానికి నోటరీ పత్రం లేదు, నమూనా లేదు.

ఈ పని చేసేవాళ్లను అక్కడ స్ఫోల్యీనా అంటారు. ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల లెక్క చాలా సులువు: వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, మనిషికి ఒక గుడ్డు. పిండి మెత్తరకం గోధుమలది, మన మైదాలా తెల్లగా, సన్నగా ఉంటుంది. దక్షిణ ఇటలీ ఎండు పాస్తాకు వాడే గట్టి గోధుమ రవ్వ, నీళ్లు ఇక్కడ పనికిరావు. చుక్క నీరు పోయరు. పెంకు తీసిన గుడ్డులో మూడొంతులు నీరే కాబట్టి కావాల్సిన తడి దాంతోనే వస్తుంది. పచ్చసొనలోని కొవ్వు మెత్తదనాన్నిస్తుంది. తెల్లసొనలోని మాంసకృత్తులు మరిగే నీళ్లలో గట్టిపడి పోగు చితికిపోకుండా నిలబెడతాయి. ఇటలీ చట్టం ప్రకారం, గుడ్డు పాస్తా అని అమ్మే ఎండు సరుకులో కిలో రవ్వకు కనీసం నాలుగు గుడ్లు ఉండాలి. ఇంట్లో చేసేదాంట్లో కిలోకి పది పడతాయి. రంగులోనూ రుచిలోనూ తేడా అక్కడే మొదలవుతుంది.

చెక్క బల్ల మీద పిండి కుప్పపోసి, మధ్యలో గుంట చేసి గుడ్లు కొడతారు. ఫోర్కుతో గిలక్కొడుతూ గుంట అంచుల నుంచి పిండిని కొంచెం కొంచెంగా లోపలికి లాగుతారు. ముద్దయ్యాక అరచేతి మడమతో ముందుకు నొక్కి, మడిచి, తిప్పి, మళ్లీ నొక్కుతారు. మొదటి రెండు మూడు నిమిషాలు ముద్ద పగుళ్లు పట్టి, పొడిపొడిగా, మొండికేసినట్టే ఉంటుంది. కొత్తవాళ్ల చెయ్యి నీళ్ల గ్లాసు మీదికి పోయేది ఇక్కడే. స్ఫోల్యీనా మాత్రం పిసుకుతూనే ఉంటుంది, ఎందుకంటే పిండి తడి పీల్చుకోవడానికి సమయం పడుతుందని ఆమెకు తెలుసు. గుడ్లు చిన్నవైతే నీళ్లు కలపదు, బల్ల మీద కాస్త పిండిని కలపకుండా వదిలేస్తుంది. పది పదిహేను నిమిషాలకు ముద్ద నున్నబడుతుంది. వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పైకి లేస్తుంది. అప్పుడు గిన్నె బోర్లించి అరగంట వదిలేస్తారు. పిసికినప్పుడు బిగుసుకున్న గ్లూటెన్ ఈలోగా సడలుతుంది. సడలకముందే కర్ర పెడితే, ఒత్తినంతా వెనక్కి ముడుచుకుపోతుంది.

ఆ కర్ర పేరు మత్తరెల్లో. మన చపాతీ కర్రకు రెండింతలు మించిన పొడవు, మీటరుకు కాస్త అటూ ఇటూ. పిడులుండవు. మొదట మధ్య నుంచి బయటికి ఒత్తుతూ, ఒత్తినప్పుడల్లా ముద్దను పావు చుట్టు తిప్పుతారు. పళ్లెమంత అయ్యాక పద్ధతి మారుతుంది. రేకు అవతలి అంచును కర్రకు చుట్టి, కర్రను దొర్లిస్తూ రెండు అరచేతులనూ మధ్య నుంచి చివరలకు జార్చుతారు. కర్ర కింద నలిగి సాగేది కొంత, చేతుల ఒరిపిడికి పక్కలకు సాగేది కొంత. రేకు పెరిగాక ఒక అంచును బల్ల కిందికి వేలాడనిచ్చి, పొట్టతో బల్లకు ఆనించి పట్టుకుంటారు. అవతలి వైపు ఒత్తుతుంటే వేలాడే బరువు ఇవతలికి లాగుతుంది. రేకు లోంచి చూస్తే కొండ మీది సాన్ లూకా గుడి కనపడాలని బొలోన్యాలో అంటుంటారు. అంత పలచనన్నమాట, మన పూతరేకు గుర్తొచ్చేటంత.

చెక్క బల్ల, చెక్క కర్ర కావడం వల్ల రేకు పైన కంటికి ఆనని గరుకుదనం వస్తుంది. మాంసం, టమాటాలతో గంటల తరబడి ఉడికించే రగూ ఆ గరుకును పట్టుకునే నిలుస్తుంది. స్టీలు రోలర్ల మిషన్ మందాన్ని తప్పకుండా సమంగా తెస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అది రేకును నున్నగా చేస్తుంది, పులుసు జారిపోతుంది.

ఇక ఆరబెట్టడం. ఇదే అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం. గుడ్డ మీద పరిచిన రేకు తడిగా ఉండగానే చుట్టి కోస్తే పొరలు అతుక్కుపోతాయి. ఎక్కువ ఆరితే మడత దగ్గర విరుగుతుంది. ఇన్ని నిమిషాలని చెప్పడానికి లేదు. వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. స్ఫోల్యీనా అంచు పైకెత్తి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. అంటుకోకుండా, పెళుసెక్కకుండా, పలచని తోలులా వంగితే సరి. వదులుగా చుట్టి, వేళ్ల కణుపులు కత్తికి ఆనించి కోస్తుంది. పచ్చిగా ఏడు మిల్లీమీటర్లకు కాస్త లోపే. నీళ్లలో ఉబ్బి ఎనిమిదవుతుంది. కోసిన చుట్టలను చేత్తో విదిలిస్తే బారెడు పోగులు విడివడతాయి. ఉప్పేసి మరిగించిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు చాలు.

ఈ పనిలో దాచుకోవడానికి మసాలా లేదు, అలంకారం లేదు. రెండే వస్తువులు కాబట్టి చెయ్యి ఎక్కడ తడబడినా కంచంలో తెలిసిపోతుంది. అందుకే దీన్ని గొప్ప పనితనమంటాను. ఇంట్లో చేసి చూడాలనుకుంటే రెండు వందల గ్రాముల మైదా, రెండు గుడ్లు, ఉన్నవాటిలో పొడవైన కర్ర చాలు. ముద్దను రెండు భాగాలు చేసి ఒత్తండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: పది నిమిషాలు పిసికేదాకా నీళ్ల గ్లాసు జోలికి పోవద్దు.