ఎస్. వి. రంగారావు వాచికాభినయము

తెలుఁగు చలనచిత్రములలో గుణపాత్రములను, బ్రతినాయకపాత్రములను ధరించి కీర్తిఁ గన్న సామర్ల వెంకట రంగారావు (1918–1974) పేరు చెప్పినంతనే లోకులు మొదట నతని విగ్రహమును దలఁచుకొందురు. ఉన్నతకాయము, విశాలమగు ఱొమ్ము, భుజముపై గద, వీనిచేతనే యతఁడు రాక్షసపాత్రములకుఁ దగినవాఁ డయ్యె నని సామాన్యాభిప్రాయము. ఇది యాహార్యమును జూచి యభినయమంతయుఁ జూచితి మనుకొనుట. దేహదార్ఢ్యము గల నటులు పెక్కండ్రు వచ్చిరి, పోయిరి. రంగారావు విశేషము వాచికమునందుఁ గలదు.

అతఁడు తెరపై మొదట ధరించినది రాక్షసపాత్రము కాదు. 1947లో వెలువడిన ‘వరూధిని’లో నతఁడు ప్రవరాఖ్యుఁడు. పెద్దన సృష్టించిన పరమశ్రోత్రియుని వేషము రేపటి ఘటోత్కచునకు లభించుట చిత్రమే. ఆ చిత్రము ఫలింపలేదు. నటుఁడు జంషెడ్‌పూరునం దుద్యోగమునకుఁ బోవలసివచ్చెను. 1951లో ‘పాతాళభైరవి’ నేపాళమాంత్రికుఁడు వచ్చినదాఁక నతని కంఠము విలువ లోకమున కెఱుకపడలేదు.

ఆ మాంత్రికుఁడు తోఁటరాముని ‘డింభకా’ యని పిలుచును. డింభశబ్ద మమరసింహుఁడు శిశువాచకములలోఁ బఠించినదే. బడిపిల్లలు నిఘంటువు వల్లించునపుడు నోటికి వచ్చి, పిదప మఱచిపోవు మాట యది. రంగారావు దానిలోని మహాప్రాణమును జాఱనీయక, దీర్ఘమును సాగదీసి పలికినందున నది వీథులలోని బాలుర నోళ్ల నెక్కెను. పండితులు చేయలేని పనిని మాంత్రికుఁడు చేసె ననినఁ దప్పు లేదు.

ఇఁక 1957 నాఁటి ‘మాయాబజారు’. పింగళి నాగేంద్రరావు రచించిన యా సంభాషణములపై వ్యాకరణవేత్తల యాక్షేపము తెలిసినదే. ఘటోత్కచుని యనుచరులు తమవారి నసమదీయు లనియుఁ, బగవారిఁ దసమదీయు లనియు వ్యవహరింతురు. అస్మచ్ఛబ్దమునకు వృద్ధసంజ్ఞ కలుగఁగా ఛప్రత్యయము వచ్చి, ఛకారమున కీయాదేశమై యస్మదీయరూపము సిద్ధించును. యుష్మదీయ, తదీయ శబ్దములు నట్టివే. తస్మదీయమునకుఁ బ్రకృతి యేది? తస్మాత్తను పంచమ్యంతరూపముయొక్క నీడ తప్ప వేఱొక యాధారము లేదు. కావున నది యసాధువు. ఇంతవఱకు నాక్షేపము సమంజసమే.

కాని యాక్షేపకులు రెండు సంగతులు గమనింపరైరి. స్మకారము విడివడి సమ యగుట రాక్షసుల యజ్ఞానము మాత్రమే కాదు. రత్నము రతన మైన త్రోవయే యది. రెండవది ముఖ్యము. ఈ నూతనపదమును విన్న ఘటోత్కచుఁడు దానిని నిర్మించినవానికి వీరతాడు బహుమానముగా నిప్పించును. ఇక్కడ నటుఁడు నవ్వినచో సభ యంతయు నవ్వి మఱచిపోవును. రంగారావు నవ్వఁడు. శాసనకర్త తీర్పు చెప్పినట్లు, పదమునకుఁ బదమునకు నడుమ విరామమిచ్చి, శబ్దసృష్టి హక్కును దనవారికిఁ బ్రసాదించును. లోకప్రయోగమా, శాస్త్రమా యను ప్రాచీనవివాదమును బిల్లలు చూచు చిత్రములో నంత నిబ్బరముగాఁ బ్రవేశపెట్టిన నటుఁడు వేఱొకఁడు లేఁడు. అసాధుశబ్దము నాదరించు నా ప్రభువు నుడిలో నొక్క యక్షరమైనను నలుగదు. ఈ వైరుధ్యమే హాస్యమునకు మూలము. సంభాషణ పుటపైఁ జదివినవారికి నిందు సగమే తెలియును.

1963 నాఁటి ‘నర్తనశాల’లోఁ గీచకుఁడు మఱింత కష్టమైన పాత్రము. కీచకుఁడు దానవుఁడు కాఁడు. విరటుని బావమఱఁది, దండనాథుఁడు, పరాక్రమశాలి. సైరంధ్రిపై నతని రక్తి యేకపక్షమైనది గాన శృంగారాభాసము. ఆభాసమును ధరించు నటులు సాధారణముగా వెకిలిచేష్టలకు దిగుదురు. అపుడు ద్రౌపది భయమునకుఁ గారణము చెడును. రంగారావు గొంతు నిందుఁ దగ్గించెను, పెంచలేదు. అడిగినది దక్కకపోవుట యెఱుఁగని వాని నెమ్మది యది. ప్రేక్షకుఁడు నవ్వఁడు, వెఱచును. సావిత్రి ధరించిన సైరంధ్రి దైన్యమునకు నీ నెమ్మదియే తగిన ప్రతిపక్ష మయ్యెను. 1964లో జకార్తా నగరమున జరిగిన యాఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున నీ పాత్రమునకు నతఁ డుత్తమనటుఁడుగా గౌరవింపఁబడెను. తెలుఁ గెఱుఁగని న్యాయనిర్ణేతలకు సైతము కంఠస్వరము మాత్ర మర్థమైనది కాఁబోలు!

దోషము లేదనరాదు. తరువాతి సాంఘికచిత్రములు కొన్నింట నా విరామమే యలవాటై, సందర్భము లేకున్నను వచ్చుచుండెను. జమీందారుఁడైనను, బేదతండ్రియైనను నొకే నిట్టూర్పు. దీనికి నటునికంటె నొకే వేషమును మరలమరలఁ గట్టించిన నిర్మాతలే యెక్కుడు బాధ్యులు. ‘సైలస్ మార్నర్’ అను నాంగ్లనవల నాధారముగాఁ గొని బి. ఎన్. రెడ్డి నిర్మించిన ‘బంగారుపాప’ నిందుకు సాక్ష్యముగాఁ జూపవచ్చును. అందుఁ గోటయ్య మోటువాఁడు. గదయుఁ గిరీటమును లేవు, సమాసములు లేవు. పసిబిడ్డ చేతికి వచ్చినపిదప వాని నుడి క్రమముగా మెత్తవడును. ఏ దృశ్యమున నది మొదలయ్యెనో పట్టుకొనుటకుఁ జూచినవారు మరల మొదటినుండి చూడవలసినదే.