యాభై ఏడో స్థానం

హెచ్‌ఎల్‌ఏ అణువు బొమ్మను నేను శిల్పాన్ని చూసినట్టే చూస్తాను. కింద ఎనిమిది పట్టీలు పక్కపక్కనే పరుచుకున్న నేల. దాని మీద అటొకటి ఇటొకటి, మెలితిరిగిన రెండు గోడలు. నడుమ గాడి. ఏదో ఒక ప్రోటీన్ తునకను ఆ గాడిలో పెట్టి రోగనిరోధక వ్యవస్థలోని టి-కణానికి చూపించడమే దాని పని. 1987లో హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం ఈ కుటుంబపు అణువు ఆకృతిని మొదటిసారి బయటపెట్టినప్పుడు గాడి ఖాళీగా లేదు. వాళ్ళు పెట్టనిదేదో అందులో ఇమిడి ఉంది. వాచ్యం కాకుండానే నిర్మాణం తన పనేమిటో చెప్పేసింది. ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటిదాన్నే.

అదే ఏడు స్టాన్‌ఫర్డ్‌లో జాన్ టాడ్, జాన్ బెల్, హ్యూ మెక్‌డెవిట్‌ల చూపు ఈ కుటుంబానికే చెందిన, ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసుల డీక్యూ అణువులో, బీటా గొలుసు 57వ స్థానం దగ్గర ఆగింది. అక్కడ ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నవారికి టైప్ 1 డయాబెటిస్ ముప్పు సాధారణంగా తక్కువ. దాని చోట అలనిన్ లాంటిది ఉంటే ఎక్కువ. ఎందుకని? ఆస్పార్టిక్ ఆమ్లానిది రుణావేశం, ఎదుటి గొలుసులోని అర్జినిన్‌ది ధనావేశం. గాడి చివర అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మొదటిది లేకపోతే అర్జినిన్ విరహిణి. వచ్చిన ఆమ్లాన్నల్లా చేరదీస్తుంది. 2001లో, ఆ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం లేని డీక్యూ8 అనే రూపం ఇన్సులిన్ తునకను పట్టుకుని ఉన్న ఆకృతి వెల్లడైంది. ఆ మూలలో కూర్చున్నది ఇన్సులిన్ తాలూకు గ్లుటమిక్ ఆమ్లమే! మధుమేహం తనంతట తానే వచ్చే ఎన్‌ఓడీ ఎలుకలోనూ సరిగ్గా ఆ స్థానంలోనే ఆస్పార్టిక్ ఆమ్లం లేదు, సెరీన్ ఉంది. ఈ పునరుక్తిని దోషమని ఏ లాక్షణికుడూ అనలేడు.

నన్ను అంతకన్నా కట్టిపడేసేది మరొకటుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి డీఆర్3, మరొకరి నుంచి డీఆర్4 అనే, డీక్యూ జన్యువులనూ వెంటబెట్టుకొచ్చే జన్యువరుసలు వచ్చిన పిల్లలకు ముప్పు ఏ ఒక్కటి వచ్చినవారికన్నా చాలా ఎక్కువ. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి చూడండి: ఒకరి ఆల్ఫా గొలుసు, మరొకరి బీటా గొలుసు బిడ్డ కణాల్లో జతకడతాయి. అమ్మలోనూ లేని, నాన్నలోనూ లేని అణువు అలా పుట్టగలదు. పోలికలు వెతికే బంధువులెవరికీ దొరకని పోలిక. ఆ బిడ్డ ఒంట్లో రోజూ దిగే సూదిని తలుచుకుంటే ఈ అద్భుతం కరుణలోకి జారిపోతుంది. అయినా అద్భుతం కాకుండా పోదు.

57 ఒక్కటే కావ్యమంతా అనుకుంటే మాత్రం చదవడం రానట్టే. జపాన్‌లో ముప్పుతో ముడిపడిన కొన్ని రూపాల్లో ఆ స్థానాన ఆస్పార్టిక్ ఆమ్లం భేషుగ్గా ఉంది. ఈ హెచ్‌ఎల్‌ఏ జన్యువులున్నది 6వ క్రోమోజోమ్ మీద. 11వ దాని మీద, ఇన్సులిన్ జన్యువుకు ముందు, మళ్ళీమళ్ళీ వచ్చే వరుస ఒకటుంది. అది పొడవైనదైతే థైమస్ గ్రంథిలో ఇన్సులిన్ ఎక్కువ తయారవుతుంది. ఇన్సులిన్ మీద కత్తి దూయబోయే టి-కణాలు అక్కడే ఏరివేతకు గురవుతాయని, అందుకే ముప్పు తగ్గుతుందని భావిస్తారు. ఇంతా చేసి, ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు వచ్చి రెండోవారికి రాకపోవడమూ ఉంది. జన్యువులు చూసి జాతకం చెప్పేస్తామనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే.