సద్దుల్లో అడవి ముద్ద

ఉత్తర తెలంగాణలో పండుగకు ఒట్టి చేతులతో పోవడం మర్యాద కాదు. సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టుకు చేరే ఇల్లాలి చేతిలో పూలు పేర్చిన తాంబాళం ఉంటే, వెంట సద్దుల డబ్బా కూడా ఉంటుంది. ఒకరింటి నుంచి నువ్వుల ముద్దలు, ఒకరింటి నుంచి పల్లీల ముద్దలు, ఇంకో ఇంటి నుంచి మలీద, మరో ఇంటి నుంచి సత్తుపిండి. ఆట అయిపోయి బతుకమ్మను నీళ్లలో సాగనంపాక పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకుంటారు, డబ్బాలు విప్పుతారు. ఎవరు తెచ్చింది వాళ్లే తిని రావడం ఉండదు. పది ఇళ్ల పలారం ప్రతి చేతికీ అందుతుంది.

ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూర్ చుట్టుపక్కల ఈ పంపకానికి చాలా రూపాలున్నాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కావడంతో సంక్రాంతికి నువ్వులూ బెల్లమూ చేతులు మారతాయి. పీర్ల పండుగకు మలీద చేసి పంచుతారు. దీపావళి రోజుల్లో గోండుల దండారీ నృత్య బృందం ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పోతే, ఆ ఊరంతా కలిసి అతిథులకు అన్నం పెడుతుంది. ఈ నేల మీద ఇప్పుడు పేరు తెచ్చుకుంటున్న తీపి ఇప్పపువ్వు లడ్డూ. అది దుకాణంలో అమ్ముడయ్యే సరుకుగా మిగిలిపోకూడదు. ఇళ్లలో తయారై, నలుగురి మధ్యకు పలారంగా రావాలి. అందుకు తగిన గుణం, పనితనం రెండూ దానిలో ఉన్నాయి.

ముద్ద ఎలా నిలుస్తుంది?

పంచుకునే తీపికి కొన్ని నియమాలుంటాయి. చెంచా, గిన్నె అవసరం ఉండకూడదు. దారిలో చెదరకూడదు, కారకూడదు. పూట గడిస్తే పాడవకూడదు. మన ఆడవాళ్లు దీన్ని మూడు పద్ధతుల్లో సాధించారు.

మొదటిది పాకం. పల్లీ పట్టీకి బెల్లం కరిగించి, వడగట్టి, ముదురు పాకం వచ్చేదాకా కలుపుతూ కాచాలి. ఒక చుక్కను చల్లని నీళ్లలో వేసి తీసి పళ్లానికి కొడితే టంగుమనాలి. అప్పుడు వేయించి పొట్టు తీసిన పల్లీలు కలిపి, నూనె రాసిన పళ్లెంలో పరిచి, వేడి మీదే కత్తితో గాట్లు పెట్టాలి. చల్లారితే గాటు పడదు, పగులుతుంది. పాకం లేతగా ఉంటే పట్టీ పంటికి అంటుకుంటుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టకపోతే గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది.

రెండోది గింజలోని నూనె. నువ్వుల బరువులో దాదాపు సగం నూనే. దోరగా వేయించి, తురిమిన బెల్లంతో కలిపి రోట్లో దంచితే ఆ నూనె బయటికి వచ్చి బెల్లాన్ని పట్టుకుంటుంది. చుక్క నీరు పడకుండానే ముద్ద కడుతుంది. నీరు లేదు కనుక ఎక్కువ రోజులు నిలుస్తుంది.

మూడోది మలీద. వేడి రొట్టెలను చేత్తో నలిపి, బెల్లమూ నెయ్యీ వేసి, వేళ్లతో మెదుపుతూ ముద్ద చేస్తారు. రొట్టె వేడికే బెల్లం కరగాలి. రొట్టెలో తడి ఉంటుంది కనుక దీన్ని ఆ రోజో మరునాడో తినేయాలి.

ఇప్పపువ్వు లడ్డూ రెండో పద్ధతికి చెందినది. అయితే పువ్వు కూడా తన వంతు జిగటను ఇస్తుంది.

పువ్వు తిండి అయ్యే దారి

ఇప్పచెట్టు ఆకు రాల్చి, ఫాల్గుణ చైత్రాల్లో పూస్తుంది. పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజాము నుంచి రాలుతుంది. రాలేది లోపలి కేసరాలతో సహా కండగల లేత పసుపు రేకుల భాగం మాత్రమే. కాయ కట్టే భాగం కొమ్మనే ఉండిపోతుంది. అందుకే ఎంత ఏరినా చెట్టుకు నష్టం లేదు. తర్వాత వచ్చే కాయల్లోని గింజల నుంచి నూనె తీస్తారు. ఒకే చెట్టు తీపినీ ఇస్తుంది, నూనెనూ ఇస్తుంది.

రుచి ఏరడం దగ్గరే మొదలవుతుంది. ఎండాకులు సులువుగా పోతాయని చెట్టు కింద నిప్పు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాంతో పువ్వుకు బూడిదంటుతుంది, మంట అడవిలోకి పాకే ప్రమాదమూ ఉంది. కింద ఊడ్చి శుభ్రం చేసుకోవడం మంచిది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో చెట్టు కింద వలలు కట్టి, పువ్వు మట్టిని తాకకుండా పడుతున్నారు.

పచ్చిపువ్వులో నీరే ఎక్కువ. నాలుగైదు రోజులు మంచి ఎండ తగిలితే కుంచించుకుపోయి, ఇటుక రంగు దాటి గోధుమ రంగుకు వస్తుంది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. తేమ మిగిలితే అదే చక్కెర పులుస్తుంది. సారాకు కావలసింది ఆ పులియడమే, లడ్డూకు శత్రువు కూడా అదే. అందుకని ఎండిన పువ్వును అరచేతుల మధ్య నలిపి, లోపలి కేసరాలు రాల్చి, చాటలో చెరిగి, గాలి చొరని చోట దాచుకోవాలి.

ఇంట్లో చేయాలనుకుంటే లెక్క తేలిక. పువ్వు, పల్లీలు సమానం. నువ్వులు అందులో సగం. బెల్లం పువ్వు తీపిని చూసి వేసుకోవాలి. పువ్వు, పల్లీలు, నువ్వులు మూడింటినీ విడివిడిగా వేయించాలి, ఎందుకంటే మూడింటి ఓపిక ఒకటి కాదు. పువ్వుకు సన్నని మంట పెట్టి, చేయి ఆపకుండా తిప్పాలి. కమ్మని వాసన వచ్చి కాస్త ఉబ్బగానే దించాలి. ఒక నిమిషం ఏమరితే చక్కెర మాడి చేదెక్కుతుంది, ఆ చేదును ఏ బెల్లమూ కప్పలేదు. పల్లీలు, నువ్వులు కచ్చాపచ్చాగా దంచాక పువ్వు వేసి దంచాలి, చివర్లో బెల్లం. గోరువెచ్చగా ఉండగానే చుట్టాలి. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే గింజల నూనె అంతా వదిలి జిడ్డు ముద్ద అవుతుంది.

బట్టీ నుంచి బడికి

ఇప్పపువ్వు పేరు చెప్పగానే చాలామందికి సారా గుర్తుకొస్తుంది. ఆదివాసీ పూజల్లో ఆ సారాకు చోటున్న మాట నిజమే. కానీ పువ్వు అంతకు ముందే తిండి. ఎండబెట్టి దాచుకుని, ఉడికించుకునీ, జొన్నతో కలుపుకునీ కరువు నెలలు దాటించిన తిండి. బయటివాళ్ల చూపూ ఆబ్కారీ చట్టాలూ దాన్ని మత్తు సరుకుగానే లెక్కగట్టాయి. బొంబాయి ప్రెసిడెన్సీలోనైతే 1892లో ఈ పువ్వు నిల్వలను కట్టడి చేయడానికే మౌరా (ఇప్ప) చట్టం తెచ్చారు.

ఆ లెక్కను ఉట్నూర్ ఆడబిడ్డలు తిరగరాస్తున్నారు. ఇక్కడి భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేస్తోంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా అవి ఆదివాసీ విద్యార్థులకు చేరాయి. 2025 మార్చి 30న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ జిల్లా అక్కచెల్లెళ్ల ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు. అంతకు ముందే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో నడిచిన ‘గిరి పోషణ’ పోషకాహార కార్యక్రమంలో ఉట్నూర్, ఏటూరునాగారం, భద్రాచలం ప్రాంతాల పిల్లలకు, తల్లులకు జొన్న, చిరుధాన్యాలు, పల్లీలతో చేసిన పదార్థాలు అందాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిబిడ్డలకు హక్కునిచ్చింది. ఏరిన పువ్వును గోనెల లెక్కన అమ్మేస్తే ఆ హక్కుకు దక్కే విలువ తక్కువ. ఊళ్లోనే ముద్ద కడితే ఆ పనితనపు విలువ కూడా ఊళ్లోనే ఉంటుంది.

పోషణ మాటకొస్తే, లడ్డూ ఒక్కటే రక్తహీనతను పోగొడుతుందని చెప్పలేం. పువ్వు ముఖ్యంగా శక్తినిస్తుంది. పల్లీలు మాంసకృత్తులను, నువ్వులు కాల్షియాన్ని, ఇనుమును చేరుస్తాయి. వెంట జామకాయో ఉసిరికాయో తింటే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తీపి ఎక్కువ కనుక పిల్లలకైనా రోజుకు ఒకటి చాలు, మధుమేహం ఉన్నవాళ్లకు పనికిరాదు.

సద్దుల డబ్బాలో మన చేల పంటలన్నీ ఉన్నాయి, నువ్వులు, పల్లీలు, మక్కలు, పెసలు. పక్కనే ఉన్న అడవి పంట మాత్రం లేదు. లేకపోవడానికి రుచి కారణం కాదు, దాని చుట్టూ పేరుకున్న చిన్నచూపు కారణం. ప్రభుత్వ ఆర్డర్లు ఒక ఏడు వస్తాయి, ఒక ఏడు ఆగుతాయి. ఏడాదేడాది ఇంటింటా చేసుకునే పలారానికి ఆ భయం లేదు. రాబోయే సద్దులకు ఆదిలాబాద్, నిర్మల్, కరీంనగర్ ఇళ్లవాళ్లు ఎండిన పువ్వును ఏరినవాళ్ల దగ్గరే సరైన ధరకు కొని, నువ్వుల ముద్దల పక్కన ఈ ముద్దలూ నాలుగు కట్టి తీసుకుపోవాలి. పంచేటప్పుడు ఇది ఇప్పపువ్వుతో చేసిందని పేరు పెట్టి చెప్పాలి.