హక్కుల పాఠంలో మాట ఎవరిది?

మానవ హక్కుల్ని బడిలో చెప్పాలంటే బోధనా పద్ధతి మారాలంటున్నారు. ఐక్యరాజ్యసమితి 1995–2004ను మానవ హక్కుల విద్యా దశాబ్దంగా ప్రకటించినప్పటి నుంచీ ఈ మాట వింటూనే వున్నాం. ఉపన్యాసం తగ్గించి చర్చ పెట్టండి, నాటిక వేయించండి, పోస్టరు గీయించండి అంటారు. అధికరణ 17ని బట్టీ పట్టించడం కంటే నయమే. కానీ పద్ధతికి కులం లేదనుకోవడం దగ్గరే మా పేచీ.

చర్చ పెడితే ముందు నోరు విప్పేదెవరు? ఇంట్లో పుస్తకాలున్నవాడు, మాస్టారి భాష వచ్చినవాడు. పైడి, రెల్లి, మాల పిల్లలు వింటారు. నాటికలో బాధితుడి వేషం వీళ్ళకిచ్చి, ఆదుకునే కలెక్టరు వేషం ఇంకొకరికిస్తే ఊళ్ళో వున్న వరసనే తరగతిలో మళ్ళీ ఆడించినట్టు కాదా?

ఉద్దానానికి ఇలాంటి ప్రచార కళలు కొత్తేం కాదు. 1960ల చివర్లో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో రాజకీయాలు చెప్పాడు. రూపం జనానిది, విషయం వాళ్ళ భూమీ కూలీ. అందుకే అది జనంలోకి వెళ్ళింది. రూపాన్ని తెచ్చుకుని విషయాన్ని వదిలేస్తే బడి వార్షికోత్సవంలో అదొక ఐటమ్‌గా మిగులుతుంది.

కాశీబుగ్గ బడికి విషయం కరువా? జీడి ఫ్యాక్టరీలో పిక్కల జిడ్డుకి కమిలే తల్లుల చేతులున్నాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు వుంది, తాగేనీళ్ళ ప్రశ్న వుంది. 2012 జూన్ 12న, అప్పటికి ఈ జిల్లాలోనే వున్న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస ప్రాజెక్టు భూముల దగ్గర అయిదుగురు దళితుల్ని చంపారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎందుకొచ్చిందో కారంచేడు (1985) ఎత్తకుండా చెప్పలేం. వచ్చాక కూడా ఎందుకు చాల్లేదో చుండూరు (1991), లక్ష్మీపేట ఎత్తకుండా అసలే చెప్పలేం. క్లాసులో కులం ఎత్తితే గొడవలొస్తాయంటారు. ఎత్తకపోయినా అది క్లాసులోనే కూచుని వుంది.

అలాగని దళిత పిల్లాణ్ణి నిలబెట్టి నీ బాధ చెప్పమనడం ఇంకో హింస. తరగతి ఊడ్చే వంతు ఎవరిది, మధ్యాహ్న భోజనంలో ఎవరి పక్కన ఎవరు కూచుంటున్నారు, ఎవర్ని పేరుతో పిలుస్తున్నారు, ఎవర్ని కులంతో పిలుస్తున్నారు – ఇది పిల్లలంతా కలిసి లెక్కగట్టాలి. ఆ లెక్కకు మాస్టారు కూడా జవాబుదారీ కావాలి. విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 17 దెబ్బల్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధించింది. ఈ సెక్షన్ని ముందు స్టాఫ్ రూంలో చదవాలి, ఆ తర్వాతే తరగతిలో.